హోపీ కుండ, నాలుగో పాఠం: భుజం దగ్గర బీట

పోయిన పాఠం చూసి, అమెరికాలోని హోపీ ఆదివాసుల పద్ధతిలో కుండ చేసినవాళ్లలో చాలామందికి ఒకే చోట బీట వచ్చింది. పొట్ట తిరిగి మెడవైపు వంగే భుజం దగ్గర. అందుకే రంగుల పాఠం ఈసారి లేదు.

మట్టి నానబెట్టడం, మర్దించడం మీకు వచ్చినవే. తప్పు మట్టిది కాదు, నీళ్లది. మట్టిని తాడులా పేని చుట్టిన మట్టితాడు మీద ఇంకో తాడు పెట్టాక చేయి తడిపి పైపైన పులిమేశారు. బయటికి నున్నగా కనిపిస్తుంది, లోపల సందు అలాగే ఉంటుంది. తడి ఎక్కువైన చోట మట్టి ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుంటుంది, పక్కమట్టి అంత కుంచించుకోదు. ఆ లాగుడుకు సందు విచ్చుకుంటుంది. దానిమీద బురద పూస్తే బీట అతకదు, దాక్కుంటుంది. కాల్చినప్పుడు బయటపడుతుంది. దయచేసి బురద పూయకండి!

నీళ్లగిన్నె దూరంగా పెట్టండి. బయట ఎడమ అరచేయి ఆనించి, లోపలినుంచి కుడి బొటనవేలితో పైతాడు మట్టిని కిందితాడు మీదికి దించండి. తర్వాత బయటివైపు కిందిమట్టిని పైకి ఎక్కించండి. గీకడానికి హోపీలు ఎండిన సొరబుర్ర ముక్క వాడతారు. నాకు అరగదీసిన కొబ్బరిచిప్పే ఇష్టం, వంపు చేతికి అమరుతుంది.

అరిజోనాలో ఫస్ట్ మేసా అనే బల్లపరుపు కొండ మీది హానో ఊళ్లో నంపేయో అనే ఆవిడ చేసిన కుండలు చూడండి. దగ్గర్లోని పాడుబడ్డ సిక్యాట్కి ఊరి పాత కుండల తీరులోనే వాటి భుజం దాదాపు బల్లపరుపుగా పరుచుకుంటుంది. సారె లేదు, చేతులే. కిందిసగం బిగుసుకోకుండా అంత వెడల్పు భుజం నిలవదు. ముసలితనంలో చూపు పోయాక కూడా, 1942లో చనిపోయేముందు ఏళ్లలో, ఆమె తడిమి కుండలు చేసింది. వాటిమీద రంగు చిన్నకూతురు ఫ్యానీ వేసేది. కొన్నిటిమీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. అతుకు కుదిరిందో లేదో వేళ్లకు తెలుస్తుంది, నేను నమ్మేది అదే.

అన్నట్టు, ఇప్పటికే బొమ్మలు మొదలుపెట్టినవాళ్లకు ఒక మాట. సన్నగీతల 'వలస' నమూనా నంపేయో ఇంటి వారసులు తరతరాలుగా గీస్తున్నది. చేయి తిరగడానికి కాగితం మీద గీసుకోండి. కుండ మీద మాత్రం వద్దు.

అభ్యాసం: జానెడు ఎత్తు కుండలు మూడు. మూడోదానికి భుజం కళ్లు మూసుకుని కట్టండి. పచ్చి మీదే మూడింటినీ సన్నతీగతో నిలువునా కోసి, కోత చూడండి. తాడు గీత ఒక్కటి కనిపించినా మళ్లీ మూడు చేయండి.