జనం కోసం రాసే రిపోర్ట్ జనానికి అర్థమవుతోందో లేదో టెస్ట్ చెయ్యడం ఎలా?

తాగునీటి నాణ్యత మీదో, ఆసుపత్రుల పనితీరు మీదో, బడ్జెట్ మీదో మామూలు జనం చదవాలని ఒక రిపోర్ట్ తయారవుతుంది. రాసినవాళ్ళు చదువుతారు, పైవాళ్ళు చదువుతారు, డేటా చూసే టీమ్ నంబర్లు సరిచూస్తుంది, అందరూ బాగుందంటారు, ప్రింటుకి వెళ్ళిపోతుంది. ఎవరి కోసం రాశారో వాళ్ళల్లో ఒక్కరికీ అప్పటిదాకా చూపించి ఉండరు. ఈ పద్ధతి మారాలని నాకు గట్టిగా ఉంది, అందుకే ప్లాన్ ఎలా వేసుకోవాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నా.

ముందు టైమ్ సంగతి. డిజైన్ అంతా అయిపోయాక టెస్ట్ పెడితే ఏం తేలినా మార్చడానికి ఎవరికీ మనసొప్పదు, అందుకని కొన్ని అధ్యాయాలు, ఒకటి రెండు టేబుల్స్ చిత్తుప్రతిగా ఉన్నప్పుడే మొదటి రౌండ్ పెట్టెయ్యండి. కనీసం రెండు రౌండ్లకి, మధ్యలో సరిదిద్దుకోడానికి రోజులు కేటాయించుకోండి. ఒకే రౌండ్‌కి 20 మందిని పిలిచే బదులు మూడు రౌండ్లలో ఆరుగురు, ఆరుగురు, ఎనిమిది మందిని పిలవడమే మేలు.

తర్వాత ఒక కాగితం మీద రాసుకోండి: ఈ రిపోర్ట్ చదివినవాళ్ళు చదివాక ఏం చెయ్యగలగాలి? "అవగాహన కలగాలి" అని రాస్తే లాభం లేదు, దాన్ని ఎలా టెస్ట్ చేస్తారు? "మూడు ఆసుపత్రులని పోల్చి ఒకటి ఎంచుకోగలగాలి" అని రాస్తే టెస్ట్ చెయ్యొచ్చు. సరళమైన భాష మీద 2023లో వచ్చిన ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 24495-1 ప్రమాణం చెప్పేదీ దాదాపు ఇదే, చదివేవాళ్ళకి కావాల్సింది అందులో ఉండాలి, అది తేలిగ్గా దొరకాలి, అర్థమవ్వాలి, వాడుకోడానికి పనికిరావాలి. ఈ నాలుగింటికీ విడివిడిగా ప్రశ్నలు రాసుకుంటే సగం ప్లాన్ అయిపోయినట్టే.

రీడబిలిటీ స్కోర్ (చదవడానికి ఎంత తేలికో చెప్పే అంకె) వేద్దాం అని ఎవరో ఒకరు అంటారు. రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ఇచ్చిన ఫార్ములా వాక్యం పొడుగునీ, మాటలో ఎన్ని సిలబుల్స్ ఉన్నాయన్నదాన్నీ లెక్కపెడుతుంది, అది ఇంగ్లీష్ కోసం చేసింది. తెలుగులో "వెళ్ళలేకపోయినవాళ్ళకి" అనేది ఎంత పొడుగు మాట, అయినా చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది, "వ్యయం" రెండక్షరాలే, అక్కడ మాత్రం చాలామంది ఆగిపోతారు. కాబట్టి తెలుగు రిపోర్ట్‌కి ఆ స్కోర్ నమ్ముకోకండి. దానికన్నా విల్సన్ టేలర్ 1953లో చెప్పిన క్లోజ్ టెస్ట్ నయం. ఒక పేజీ తీసుకుని మొదటి వాక్యం అలాగే ఉంచి, అక్కణ్ణుంచి ప్రతి ఐదో మాటా తీసేసి ఖాళీలు పెట్టి పూరించమంటారు. ఇంగ్లీష్‌లో 60 శాతం దాటితే బానే అర్థమైనట్టు లెక్కేస్తారు, కానీ మన మాటలకి విభక్తులూ ప్రత్యయాలూ అతుక్కుని ఉంటాయి కాబట్టి ఆ గీత ఇక్కడ సరిపోదు. పాత డ్రాఫ్ట్‌కి ఎన్ని వచ్చాయి, కొత్తదానికి ఎన్ని వచ్చాయి అని పోల్చుకోడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

మనుషుల్ని ఎంతమందిని పిలవాలి? వెబ్‌సైట్లు, సాఫ్ట్‌వేర్ వాడుకోడానికి తేలిగ్గా ఉన్నాయా అని పరీక్షించే నిపుణుడు జాకబ్ నీల్సన్ లెక్క చాలామంది వినే ఉంటారు, ఒక్కో సమస్య సగటున 31 శాతం మందికి తగిలేదైతే ఐదుగురితోనే 85 శాతం సమస్యలు బయటపడతాయని. కానీ 10 శాతం మందికే తగిలే సమస్య ఐదుగురిలో కనబడే అవకాశం 41 శాతమే. అందుకే రౌండ్లు కావాలి, అందుకే రకరకాల మనుషులు కావాలి: తక్కువ చదువుకున్నవాళ్ళు, పెద్దవయసువాళ్ళు, స్క్రీన్ రీడర్ (తెరమీది మాటల్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళు, అన్నీ ఫోన్లోనే చదివేవాళ్ళు. ఆఫీసులో పక్క సీటువాళ్ళని మాత్రం పిలవకండి, వాళ్ళకి ఆ పదాలన్నీ ముందే వచ్చు. వచ్చినవాళ్ళ టైమ్‌కి డబ్బు ఇవ్వండి, రికార్డ్ చేసేట్టయితే ముందే అనుమతి అడగండి.

వచ్చినవాళ్ళని రిపోర్ట్ చూసి చెయ్యమని ఇచ్చే పని, అంటే టాస్క్, రాసేటప్పుడు రిపోర్ట్‌లో ఉన్న మాట వాడొద్దు. హెడ్డింగ్ "ఘనవ్యర్థాల నిర్వహణ" అయితే మీ ప్రశ్న "చెత్త ఎత్తడానికి ఎంత ఖర్చయిందో చూసి చెప్పండి" అని ఉండాలి, లేకపోతే వాళ్ళు మాటకి మాట వెతుక్కుని దొరికిందంటారు. కూర్చోబెట్టగానే "ఈ పరీక్ష మీకు కాదండీ, ఈ రిపోర్ట్‌కి" అని చెప్పండి, మనసులో అనుకునేది పైకి అంటూ చదవమనండి, ఆపైన మీరు నోరు కట్టేసుకోండి (ఇదే అన్నిటికన్నా కష్టం). "అర్థమైందా?" అని ఎప్పుడూ అడగొద్దు, మొహమాటానికి అందరూ తలూపుతారు. "ఇంట్లోవాళ్ళకి చెప్పినట్టు మీ మాటల్లో చెప్పండి" అనండి.

నేను పక్కన కూర్చున్న ఒక సెషన్ చెప్తా. ఆసుపత్రుల టేబుల్ ముందు ఒకావిడ వేలు పెట్టి ఒక్కో వరసా చదువుకుంటూ వచ్చి, అన్నిటికన్నా పెద్ద నంబర్ దగ్గర ఆగి, "ఇదే మంచిది, దీనికే ఎక్కువ వచ్చాయి" అన్నారు. అది ఇన్ఫెక్షన్ల రేటు. ఇంకో వరసలో గీత ఉంటే "ఇక్కడ అసలు ఇన్ఫెక్షన్లే లేవు" అన్నారు, ఆ గీతకి అర్థం లెక్క అందలేదని. మేం కింద ఫుట్‌నోట్ పెట్టాం, రెండో రౌండ్‌లో ఒక్కరి కన్నూ అక్కడికి పోలేదు. చివరికి టేబుల్ పేరులోనే "నంబర్ ఎంత తక్కువైతే అంత మంచిది" అని రాసి, గీత తీసేసి "లెక్క అందలేదు" అని పూర్తిగా రాస్తే అప్పుడు కుదిరింది.

అదే టేబుల్ ఫోన్లో కూడా చూపించండి, కాగితం మీద బాగున్న ఏడు కాలమ్స్ అక్కడ పక్కకి జరుపుకుంటూ పోతుంటే ఏ వరసలో ఉన్నారో మర్చిపోతారు.

నోట్స్‌లో "బాగుంది", "నచ్చింది" లాంటివి కాదు, ఏ టాస్క్ సొంతంగా చేశారు, ఏది చిన్న సాయంతో చేశారు, ఏది చెయ్యలేకపోయారు, ఎక్కడ వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారు, ఇవి రాసుకోండి. చివర్లో కావాలంటే వాడుకోడానికి ఎంత తేలిగ్గా అనిపించిందో అడిగే 10 ప్రశ్నల ఫారం, జాన్ బ్రూక్ 1986లో చేసిన ఎస్‌యూఎస్, ఇవ్వొచ్చు, కానీ ఆరుగురి స్కోర్ పట్టుకుని పెద్ద నిర్ణయాలు చెయ్యకండి.

అన్నీ అయ్యాక ఏది ముందు సరిచెయ్యాలి? నా లెక్కలో అన్నిటికన్నా ముందు సరిచెయ్యాల్సింది ఎవరైనా ధీమాగా తప్పు జవాబు చెప్పిన చోటు. తెలీలేదు అన్నవాళ్ళు ఎవర్నో ఒకర్ని అడుగుతారు, తప్పుగా తెలిసినవాళ్ళు అడగరు, ఆ నంబర్ పట్టుకుని నేరుగా ఆ ఆసుపత్రికే వెళ్ళిపోతారు. ఆ తర్వాత వస్తుంది దొరకలేదన్నది, ఆపైన పదాల కష్టం, రంగులూ ఫాంట్లూ చివర్న. సరిచేశాక మళ్ళీ చూపించేటప్పుడు పాతవాళ్ళకి కాదు, కొత్తవాళ్ళకి చూపించండి, పాతవాళ్ళకి జవాబులు గుర్తుంటాయి.