చీమకుర్తి రాయి ఇంట్లో కోసే ముందు

షెడ్డులో పని బల్ల మీదికి గెలాక్సీ (చీమకుర్తి నల్ల గ్రానైటు) ముక్క ఒకటి కోద్దామనుకుంటున్నారా? గ్రైండర్ చేతిలోకి తీసుకునే ముందు ఇవి చూసుకోండి.

ముందు బిళ్ల. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. బిళ్ల మీద రాసిన వేగం మిషను వేగానికి తగ్గకూడదు. రాతికి డైమండ్ బిళ్లే, ఇనుము కోసేది వద్దు. బీట కనిపిస్తే పారేయండి. "ఇంకో రెండు కోతలు వస్తాయిలే" అనే లెక్క వద్దు. ఇక గార్డు, అంటే బిళ్లకు అడ్డుగా ఉండే రేకు. అడ్డంగా ఉందని ఒంగోలు వైపు మావాళ్లు ఊడదీసి మూలన పడేస్తారు, నాకది అస్సలు నచ్చదు.

లుంగీ, మెడలో తువ్వాలు తీసేయండి. గుడ్డ చుట్టుకుంటే చెయ్యీ వెళ్తుంది.

కళ్లద్దాలు, ఎన్‌95 మాస్కు. ముక్కుకు కట్టిన తువ్వాలు సన్నటి రాతిపొడిని ఆపదు.

దుమ్ము అణగాలని చాలామంది నీళ్లు పోస్తూ కోస్తారు. మామూలు కరెంటు గ్రైండర్ తడి పనికి కాదు, షాక్ కొడుతుంది. నీటి గొట్టం ఉన్న తడి కోత మిషను తెచ్చినా, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి) ఉన్న లైనులోనే పెట్టండి.

ఆరుబయట, దుమ్ము పక్కకు పోయేలా నిలబడండి. అటువైపు బట్టలారేసిన దండెం ఉందేమో చూసుకోండి, లేకపోతే ఇంట్లో వేరే ప్రమాదం.

బిళ్ల మార్చేటప్పుడు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి.