ఇసుకరాయి జాడ – 3వ పాఠం: ఈ కాల్షియం ఎక్కడిది?

రాయిని ఎంచుకోవడం, పైన ఎండకూ వానకూ రంగు మారిన పొరను కొట్టేసి లోపలి ముక్కను తీయడం గత పాఠంలో చూశాం. ఇప్పుడు ప్రయోగశాల నుంచి ఫలితాల కాగితం వచ్చిందనుకుందాం. అందులోని నాలుగు అంకెలు చాలు, ఆ ఇసుక పుట్టిన కొండ ఎంతగా శిథిలమైందో అంచనా కట్టవచ్చు.

కొండరాతిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని వాననీరు మెల్లగా తినేస్తుంది. సోడియం, కాల్షియం, పొటాషియం నీటిలో కరిగి వెళ్లిపోతాయి. అల్యూమినియం మాత్రం బంకమట్టిగా మారి అక్కడే మిగులుతుంది. 1982లో నెస్బిట్, యంగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ సంగతినే ఒక సూచికగా మలిచారు. దాన్ని సీఐఏ (కెమికల్ ఇండెక్స్ ఆఫ్ ఆల్టరేషన్, అంటే రసాయన శిథిల సూచిక) అంటారు. అల్యూమినియం ఆక్సైడ్‌ను అల్యూమినియం, కాల్షియం, సోడియం, పొటాషియం అనే నాలుగింటి ఆక్సైడ్ల మొత్తంతో భాగించి నూరుతో గుణించాలి. తాజా గ్రానైట్‌కు 45–55, తాజా బసాల్ట్‌కు (లావా చల్లారిన నల్లరాయి) 30–45, మామూలు షేల్‌కు (బురద గట్టిపడిన రాయి) 70–75 వస్తుంది. శుద్ధ కయోలిన్ (తెల్ల బంకమట్టి) అయితే 100.

కాగితంలోని బరువు శాతాలను నేరుగా సూత్రంలో వేయకండి. ముందు వాటిని మోల్స్‌లోకి మార్చాలి, అంటే ఒక్కో శాతాన్ని ఆ ఆక్సైడ్ అణుభారంతో భాగించాలి. లెక్క కోసం ఒక ఊహా నమూనా తీసుకుందాం. అల్యూమినియం ఆక్సైడ్ 10.2 శాతం. దాన్ని 101.96తో భాగిస్తే 0.100. సోడియం ఆక్సైడ్ 1.24ను 61.98తో భాగిస్తే 0.020. పొటాషియం ఆక్సైడ్ 2.82ను 94.2తో భాగిస్తే 0.030. కాల్షియం ఆక్సైడ్ 5.6ను 56.08తో భాగిస్తే 0.100. మొత్తం 0.250, సూచిక 40.

ఇక్కడ ఆగండి. 40 చూడగానే ‘శిథిలం కాని బసాల్ట్ కొండ నుంచి వచ్చిన ఇసుక’ అని రాసేయాలనిపిస్తుంది. అలా రాసే ముందు రాతి ముక్క మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేయండి. బుసబుసమని నురగ వస్తే ఆ కాల్షియంలో చాలా భాగం కొండది కాదు. ఇసుక అడుగున చేరాక, భూగర్భ జలం రేణువుల మధ్య పేర్చిన కాల్సైట్ అనే సున్నపు ఖనిజానిది. సూత్రానికి కావలసింది సిలికేట్ ఖనిజాల్లోని కాల్షియం మాత్రమే. అందుకే ముందు ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ మోల్స్‌ను 10/3తో గుణించి అపటైట్ (ఫాస్ఫరస్, కాల్షియం ఉన్న ఖనిజం) వాటాను కాల్షియం నుంచి తీసేస్తారు. ఆ తర్వాత కూడా కాల్షియం సోడియంను మించితే, సోడియం విలువనే కాల్షియంకూ వాడతారు. మన నమూనాలో ఫాస్ఫరస్ లెక్కలోకి రానంత తక్కువ అనుకుంటే కాల్షియం 0.020, మొత్తం 0.170, సూచిక 59. బసాల్ట్ కథ పోయింది. గ్రానైట్ లాంటి రాయి కొద్దిగా శిథిలమై ఇచ్చిన ఇసుక అని ఇప్పుడు అనుమానించవచ్చు. ఈ సవరణ కూడా అంచనాయే కనుక నురగ వచ్చిన రాయి దగ్గర అంకెను గట్టిగా పట్టుకోకండి.

సరిచేసిన అంకె కూడా ఒక్కోసారి దారి తప్పిస్తుంది. మన గోదావరి లోయలో బొగ్గు పొరలున్న పాత పూడిక రాళ్లను, అంటే గోండ్వానా రాళ్లనే చూడండి. అడుగున ఉన్న తాల్చిర్ రాళ్లు హిమనదాల కాలంవి. హిమనదం కొండరాతిని పిండి చేసింది కానీ కరిగించలేదు, అందుకే ఫెల్డ్‌స్పార్ తాజాగా దొరుకుతుంది. బొగ్గు పొరలున్న బరాకర్ ఇసుకరాళ్లలో తెల్లని కయోలిన్ కనిపిస్తుంది. దాంతో సూచిక పెరుగుతుంది. వెంటనే ‘వాతావరణం వేడెక్కింది, కొండ బాగా శిథిలమైంది’ అనేయాలనిపిస్తుంది.

భూతద్దం తీయండి. ఆ తెల్ల మట్టి ముక్క ఫెల్డ్‌స్పార్ రేణువు ఆకారాన్ని అంచులతో సహా నిలుపుకుందా? గోరుతో గీస్తే పొడి రాలుతుందా? అంత మెత్తని రేణువు పలుగురాళ్ల మధ్య నదిలో దొర్లుతూ వచ్చి ఉంటే ఆకారం మిగిలేది కాదు. అది గట్టి ఫెల్డ్‌స్పార్‌గానే వచ్చి, అడుగున చేరాక ఆమ్ల జలాలకు మట్టిగా మారింది. అంటే ఆ పెరిగిన సూచికలో కొంత కొండది కాదు, పూడిక తర్వాతి నీళ్లది. అంకె పక్కన ఈ పరిశీలన రాయని నోటుపుస్తకాన్ని నేను నమ్మను.

అభ్యాసం: అల్యూమినియం ఆక్సైడ్ 12.24, కాల్షియం ఆక్సైడ్ 2.24, సోడియం ఆక్సైడ్ 0.62, పొటాషియం ఆక్సైడ్ 1.88 శాతం. అపటైట్ లేదనుకోండి. సవరించకముందు 63, సవరించాక 75 రావాలి. రాకపోతే మోల్స్ మార్పిడి మళ్లీ చూసుకోండి. వచ్చే పాఠంలో థోరియం, స్కాండియం నిష్పత్తితో కొండ ఏ రకం రాయో వెతుకుదాం.