48 పేజీల్లో విశాఖ ఏడాది: ఫోన్ ఫొటోలతో ఇంటి ఆల్బమ్

డిసెంబరు ఆఖర్లో కూర్చుని, ఫోన్‌లో పడి ఉన్న వేల ఫొటోల్లోంచి ఏడాది ఆల్బమ్ చేద్దామనుకుంటే అది అయ్యే పని కాదు. ఆగస్టులో తీసిన ఫొటో ఎక్కడిదో అప్పటికే గుర్తుండదు. ఏ నెలది ఆ నెలే తేల్చేసుకోవాలి. నెల చివరి ఆదివారం అరగంట కేటాయించండి. పదిహేను ఫొటోలు పక్కకు తీసి, ఒక్కోదాని కింద ఒక వాక్యం రాయండి. ఆల్బమ్‌కి అసలు సరుకు ఆ వాక్యమే. "బీచ్‌లో మేము" అని రాస్తే పదేళ్ల తర్వాత ఎవరికీ ఉపయోగం లేదు. "కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా, పెద్దమ్మ వాళ్లు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు, మురీ మిక్చర్ పొట్లం 30 రూపాయలు" అని రాస్తే ఉంటుంది.

ఫోల్డర్ పేరులో ముందు ఏడాది, తర్వాత నెల, తర్వాత రోజు ఉండాలి: "2025-06-15 ఫిషింగ్ హార్బర్" ఇలా. రోజుతో మొదలెడితే అన్ని నెలల పదిహేనో తారీఖులూ ఒకచోట చేరి వరస చెడిపోతుంది.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలతో రెండు తలనొప్పులు. తీసిన తేదీ చెరిగిపోయి, మీకు చేరిన తేదీ మిగులుతుంది. పైగా సైజు తగ్గిపోతుంది. మామూలుగా పంపిన ఫొటో పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గర ఆగుతుంది. అచ్చుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి కాబట్టి అది అయిదు అంగుళాలు దాటితే మసకబారుతుంది. పేజీ నిండా వేయాలంటే, అంటే ఏ4కి, 2480 × 3508 పిక్సెళ్లు ఉండాలి. పిక్నిక్ నుంచి ఇంటికొచ్చిన రోజే అందర్నీ "డాక్యుమెంట్‌గా పంపండర్రా" అని అడిగేయండి. వారం దాటితే ఎవరూ పంపరు.

ఇక ఏం తీయాలి? మన సముద్రం తూర్పున ఉంది. ఆర్కే బీచ్‌లో సాయంత్రం నీళ్లవైపు నిలబెట్టి తీసిన ఫొటోల్లో ఆకాశం చప్పగా ఉండేది అందుకే, సూర్యుడు అప్పటికి కొండల వెనక దిగిపోతాడు. రంగులు కావాలంటే పొద్దున్నే వెళ్లాలి. జూన్ మొదట్లో అయిదున్నరకల్లా సూర్యుడు పైకొచ్చేస్తాడు, జనవరి చివర్లో ఆరున్నర దాకా రాడు. సూర్యోదయం ఫొటో మాత్రం ఏడాదికి ఒక్కటి చాలు. పన్నెండు పెడితే పన్నెండూ ఒకటే అనిపిస్తాయి.

ఏసీ కారులోంచి దిగీదిగగానే తీస్తే లెన్స్ మీద ఆవిరి పట్టి అంతా పాలపొర కమ్మినట్టు వస్తుంది. పది నిమిషాలు ఆగితే అదే పోతుంది. ఉప్పు జల్లు అలా కాదు, అది ఆరి సన్నటి పొరలా అంటుకుంటుంది. రాత్రి దీపాల చుట్టూ చెదిరిన కాంతి కనిపిస్తే కారణం ఎక్కువసార్లు అదే. పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే ఉప్పు పలుకులు గీతలు పెడతాయి. ముందు కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో అద్ది, తర్వాత పొడిగుడ్డతో తుడవండి. చొక్కా అంచు వద్దు.

ఏడాదిని పట్టించేవి పండగలూ సీజన్లే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం కాబట్టి, ఆ రెండు నెలలూ హార్బర్‌లో బోట్లు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. ఇదొక ఫొటో, నిషేధం ముగిశాక అదే చోట నిలబడి తీసింది ఇంకో ఫొటో. రెండూ ఎదురెదురు పేజీల్లో వేస్తే కింద ఏమీ రాయక్కర్లేదు. సింహాచలం చందనోత్సవానికి గుడి లోపల ఫొటోలు కుదరవు, క్యూలైన్లూ దర్శనం టికెట్టూ పెట్టుకోండి. ఆషాఢంలో 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణలో నైట్ మోడ్ వాడితే నడిచేవాళ్లు దెయ్యాల్లా సాగిపోతారు. అది ఆపేసి, వీధిదీపం కిందికి జనం వచ్చేదాకా ఆగండి. నవంబరులో అరకు వలిసె పూలు, మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి గురువారాలు ఎటూ ఉన్నాయి. నేవీ ప్రాంతాల్లో, డాక్‌యార్డ్ చుట్టుపక్కల బోర్డు కనబడితే ఫోన్ జేబులో పెట్టేయండి. డ్రోన్ మాటే ఎత్తొద్దు.

అరకు రైల్లో సొరంగం దాటగానే తీస్తే బయట అంతా తెల్లగా వెలిసిపోతుంది. ముందే తెర మీద కొండ కనిపించే చోట వేలు నొక్కి పట్టుకుని వెలుతురు లాక్ చేసుకోవాలి. అద్దాల పెట్టెలో, అంటే విస్టాడోమ్ బోగీలో అయితే ఫోన్‌ని అద్దానికి ఆనించి తీస్తే లోపలి లైట్ల నీడ పడదు.

ఆర్టీసీ టికెట్ దాచుకునేవాళ్లకి ఒక మాట: అది థర్మల్ కాగితం, ఎండకీ వేడికీ తెల్లబడిపోతుంది, ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా తొందరగా. ఆరోజే ఫొటో తీసి, ఆల్బమ్‌లో ఆ ఫొటో వేయండి.

ఆన్‌లైన్‌లో దొరికినవి, అంటే పాత వాల్తేరు పోస్టుకార్డులూ మ్యాపులూ వంట చిట్కాలూ, స్క్రీన్‌షాట్ తీసి వదిలేస్తే ఆర్నెల్లకి ఎక్కడివో తెలియదు. అడ్రస్ బార్ కనబడేలా తీయండి, లేదా పేజీ మొత్తం పీడీఎఫ్‌గా దాచి, లింకూ తేదీ పక్కన రాయండి. లింకులు చచ్చిపోతుంటాయి. ఇతరుల ఫొటోలు ఇంటి ఆల్బమ్‌లో పెట్టుకున్నా, కింద తీసినవాళ్ల పేరు వేయడం మర్యాద. బయట పంచాలంటే అనుమతి ఉండాలి. వికీమీడియా కామన్స్‌లో ప్రతి ఫొటో కిందా లైసెన్స్ రాసే ఉంటుంది.

పేజీల లెక్క 48 ఎందుకంటే, మధ్యలో పిన్ను కొట్టే బైండింగ్‌కి నాలుగుతో భాగించబడే సంఖ్య కావాలి. నెలకు నాలుగు పేజీలని పంచేయకండి. ఏమీ జరగని నెలకు ఒక్క పేజీ చాలు, పెళ్లిళ్ల నెలకు ఎనిమిది పడతాయి. రెండు పేజీల మీద పరిచే ఫొటోలో మొహాలు నడిమి మడతలోకి రానివ్వకండి. పేజీ అంచుదాకా వేసే ఫొటో చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, అది కోతలో పోతుంది. ఫోన్ ఫొటో 4:3 నిష్పత్తిలో ఉంటుంది, 4×6 ప్రింట్‌ది 3:2. అడ్డంగా తీసిన గ్రూప్ ఫొటోలో ఎత్తులో తొమ్మిదో వంతు తెగిపోతుంది, వెనక వరసలో ఎవరిదో తల ఎగిరిపోతుంది. ఎక్కడ కోయాలో మీరే చూసి పంపండి.

తెలుగు అక్షరాల దగ్గర జాగ్రత్త. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి వరసగా పడతాయి. పరీక్షించడానికి "కనకమహాలక్ష్మి", "కైలాసగిరి" టైప్ చేసి చూడండి. క్ష్మి, కై సరిగ్గా పడితే మిగతావీ చాలావరకు పడతాయి. పేజీలు అమర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోవాలి. షాపుకి ఫాంట్లు లోపలే ఉన్న పీడీఎఫ్ ఇవ్వండి, వాళ్ల కంప్యూటర్లో మీ ఫాంట్ ఉంటుందని నమ్మకండి.

ఫోన్ తెర వెలుతురు సగానికి తగ్గించి చూస్తే అచ్చు ఎలా వస్తుందో కాస్త అంచనా దొరుకుతుంది, ఎందుకంటే కాగితం ఎప్పుడూ తెరకంటే ముదురుగానే వస్తుంది. మొత్తం ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క షీటు వేయించి పగటి వెలుతురులో చూడండి. మన ఉక్కపోతకి గ్లాసీ ప్రింట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, మ్యాట్ తీసుకోండి. బీరువాలో పక్కన సిలికా జెల్ పొట్లం వేసి, వానాకాలం అయ్యాక మార్చండి. ఫైళ్లు రెండు చోట్ల ఉంచుతూ ఇంకో కాపీ వేరే ఇంట్లో, అక్క దగ్గరో బాబాయి దగ్గరో పెట్టండి.