తూర్పు ఆఫ్రికాలో వానలు మొదలయ్యేలోపు: మీరుండే ఊరిని చూసి ధైర్యపడకండి

పోయిన నెల మాకు తెలిసిన ఒకబ్బాయి ఐసీయూ దాకా వెళ్ళి బయటపడ్డాడు. కెన్యా రాజధాని నైరోబీలో అకౌంటెంటుగా చేస్తున్నాడు. అక్కడ ఉన్న రెండేళ్ళలో ఒక్కసారి కూడా మలేరియా రాలేదు. సెలవు మీద ఇంటికొచ్చే ముందు స్నేహితులతో కలిసి రైల్లో మొంబాసా వెళ్ళి మూడు రాత్రులు ఉన్నాడు. ఇంటికొచ్చిన వారానికి జ్వరం. ప్లేట్‌లెట్లు తగ్గాయి, డెంగ్యూ అనుకున్నారు. నాలుగో రోజుకి మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు. "ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళాడా?" అని ఒక డాక్టరు అడిగాకే మలేరియా టెస్టు చేశారు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు వాళ్ళమ్మగారు అతని సూట్‌కేసు సర్దుతున్నారు. పక్క జేబులో మలేరియా రాకుండా వేసుకునే మాత్రల స్ట్రిప్పు కనిపించింది. ఒక్క మాత్ర కూడా తీయలేదు.

"నైరోబీలో ఉండేవాళ్ళకి మాత్రలెందుకు" అన్నాడట. నైరోబీ వరకూ ఆ మాట దాదాపు నిజమే. అదే ప్రాణం మీదికి తెచ్చింది.

కాచిన నీళ్ళు, పాస్‌పోర్ట్ జిరాక్సులు లాంటివి మీకు తెలిసినవే, అవి వదిలేస్తున్నాను. ఒక్క పొరపాటు గురించే గట్టిగా చెప్పాలి. తనకు తెలిసిన ఒక ఊరిని బట్టి ఖండం మొత్తాన్ని లెక్కేసుకోవడం. ఆఫ్రికా అంటే మూడు కోట్ల చదరపు కిలోమీటర్లు, 54 దేశాలు. ఒక ఊళ్ళో నిజమైనది అయిదు గంటల ప్రయాణంలో అబద్ధమైపోతుంది.

ముందు ఎత్తు సంగతి. నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది. చల్లటి చోట మలేరియా క్రిమి దోమ ఒంట్లో ఎదగడానికి చాలా రోజులు పడుతుంది. అది ఎదిగేలోపే దోమ ఆయుష్షు తీరిపోతుంది. అందుకే అక్కడ మలేరియా తక్కువ. మొంబాసా సముద్రం ఒడ్డున ఉంది, అక్కడ ఆ రక్షణ లేదు. ఇథియోపియాలోనూ ఇంతే. అడిస్ అబాబా 2,300 మీటర్ల పైన, అక్కడ భయం లేదు. అదే దేశంలో పడమటి పక్కనున్న గాంబెల్లా 500 మీటర్ల దగ్గర ఉంది, అక్కడ మలేరియా ఎక్కువ. పోనీ ఎత్తున్న ఊరైతే చాలనుకుంటారేమో, అదీ కాదు. విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుము 1,100 మీటర్ల పైనే ఉంది, అయినా కెన్యాలో మలేరియా బాగా ఉన్న చోట్లలో అదొకటి. కాబట్టి మీరుండే ఊరు కాదు, వెళ్ళే ఊరు చూడండి.

తర్వాత వానలు. భూమధ్యరేఖ ఖండం మధ్యలోంచి పోతుంది కాబట్టి అన్నిచోట్లా ఒకే వానాకాలం ఉండదు. కెన్యా, టాంజానియాల్లో మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, స్వాహిలీలో వాటిని మసికా అంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు, వాటి పేరు వులి. సహారాకి దిగువన సాహెల్ ప్రాంతంలో జూన్ నుంచి సెప్టెంబరు. జాంబియా, మొజాంబిక్ వైపు నవంబరు నుంచి మార్చి, ఏప్రిల్ దాకా. "వానాకాలం అయిపోయిందిలే" అని ఒక దేశంలో అనుకుని ఇంకో దేశంలో దిగితే సరిగ్గా దోమల కాలంలోనే దిగుతారు. పట్నంలో ఉన్నామన్న ధైర్యం కూడా పనికిరాదు. మన పట్టణాల్లో నీళ్ళ ట్యాంకుల్లో పెరిగే మలేరియా దోమ ఒకటి 2012లో ఇథియోపియా పక్కనున్న జిబూటీ దేశంలో బయటపడింది, ఆ తర్వాత ఇథియోపియాకూ చేరింది. దానికి వానలతో పని లేదు.

"అక్కడివాళ్ళు మాత్రలు వేసుకోరుగా" అని చాలామంది నాతో అన్నారు. వాళ్ళు పసితనం నుంచి ఎన్నోసార్లు మలేరియా పడి లేచినవాళ్ళు, అందుకే పెద్దయ్యాక ఒంట్లో కొంత తట్టుకునే శక్తి ఉంటుంది. ఆ శక్తి రాకముందే ఎంతమంది చిన్నపిల్లలు పోతున్నారో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో మలేరియాతో 5,97,000 మంది చనిపోయారు. వాళ్ళలో నూటికి 95 మంది ఆఫ్రికా ప్రాంతంవాళ్ళే, వాళ్ళలోనూ ఎక్కువమంది అయిదేళ్ళలోపు పిల్లలు. ఆ శక్తి మీకు లేదు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి బయట ఉంటే చాలావరకు పోగొట్టుకుంటారు.

ఇక మాత్రలు. ఏది వాడాలో డాక్టరు చెప్పాలి. గర్భిణులు, ఫిట్స్ ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఆ సంగతి తప్పకుండా ముందే చెప్పాలి. ఇంట్లో ఉన్న క్లోరోక్విన్ పట్టుకెళ్ళకండి, అక్కడి ఫాల్సిపారం మలేరియా, అంటే ప్రాణాలు తీసే రకం, చాలాచోట్ల దానికి లొంగదు. తిరిగొచ్చాక కూడా మాత్రలు ఆపకండి. డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ఏడు రోజులు. విమానం దిగగానే ఆపేసేవాళ్ళే ఎక్కువ. కుట్టిన దోమ అక్కడే ఉండిపోయినా క్రిమి మీతోనే వస్తుంది.

మిగతావి గబగబా చెప్తాను.

మలేరియా దోమ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా కుడుతుంది. మందు పూసిన దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. చిరుగు ఉంటే గది మార్పించుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోండి, ఆ తర్వాతే టీకా వేయించుకున్నట్టు ఇచ్చే కార్డు చెల్లుతుంది. కార్డు లేకుండా ఆ జబ్బున్న దేశం నుంచి మన దేశంలో దిగితే క్వారంటైన్‌లో ఉంచుతారు.

సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా ఉన్న పట్టీలో వానలు లేని నెలల్లో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ప్రబలుతుంది. దానికి టీకా వేరే.

విక్టోరియా, మలావీ సరస్సుల్లో దిగకండి. నీళ్ళు తేటగానే ఉంటాయి, అయినా నత్తల నుంచి వచ్చే బిల్హార్జియా పురుగు నిమిషాల్లో చర్మంలోంచి లోపలికి పోతుంది. మోకాలి లోతే కదా అనకండి.

జొహానెస్‌బర్గ్‌కి జూన్, జూలైల్లో వెళ్తుంటే స్వెటర్ పెట్టుకోండి. అక్కడ అది చలికాలం.

ఎండిన వాగులో గుడారం వేయకండి. వాన ఎక్కడో కొండల్లో పడి, నీళ్ళు మీ మీదికి వస్తాయి.

కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బు నీళ్ళతో కడగండి. ఆ రోజే టీకా.

రాత్రిపూట హైవే ఎక్కకండి.

"నాకేం కాలేదు" అన్నవాళ్ళని వాళ్ళు ఏ ఊళ్ళో, ఏ నెలలో ఉన్నారో అడగండి. మీరు వెళ్ళేది ఆ ఊరు, ఆ నెల కాకపోతే ఆ మాట వదిలేయండి.

మీరుండే ఊరు కాదు, వెళ్ళే ఊరు చూడండి. వారాంతం రెండు రోజులైనా సరే.

తిరిగొచ్చిన మూడు నెలల్లో ఏ జ్వరం వచ్చినా పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూడకండి. ఫాల్సిపారం ఒకటి రెండు రోజుల్లోనే మెదడుకి, కిడ్నీలకి పాకగలదు. మూడు నెలలు దాటాక వచ్చినా సంవత్సరం దాకా ఆ ప్రయాణం సంగతి చెప్పండి. డాక్టరు అడిగేదాకా ఆగకండి. గదిలో అడుగుపెట్టగానే "ఫలానా తేదీల్లో మొంబాసాలో ఉన్నాను, మలేరియా టెస్టు రాయండి" అనండి. నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ చేయించండి. ఆ మర్నాడు మళ్ళీ.