జొన్న రొట్టె, గుడాలు, రేడియో: ఊరంతా కూర్చొని వినే ప్రోగ్రాం ఎట్ల పెట్టాలె?

ఊర్లో ఏ ఫంక్షన్ అయినా చూడండి, వండినోళ్ళు పొయ్యి కాడనే ఉంటరు, మిగతావాళ్ళు టెంట్ కింద కూర్చొని తింటరు, మైకులో మాట్లాడేది కూడా వేరేవాళ్ళే. ఈ ప్రోగ్రాం దానికి ఉల్టా. వండే ఆడోళ్ళ మాట, వాళ్ళ పాట, వాళ్ళ చేతుల చప్పుడు ముందుగాల ఫోన్‌ల రికార్డ్ చేసి అరగంట రేడియో ప్రోగ్రాం లెక్క తయారు చేస్తం, ఒకరోజు పొద్దుగూకినంక ఊరంతా తింటూ వింటది, ముందు వరుసల వండినోళ్ళే కూర్చుంటరు. నల్గొండ, పాలమూరు దిక్కు ఏ ఊర్లనైనా పెద్ద ఖర్చు లేకుండ చేసుకోవచ్చు.

గుంపుగ కూర్చొని రేడియో వినుడు మనకేం కొత్త కాదు. 1956లో పూణె దిక్కు ఆకాశవాణి, యునెస్కో కలిసి రైతుల కోసం ఇట్లనే చేసినయి, ఊర్ల రైతులు ఒక్కకాడ కూర్చొని ప్రోగ్రాం విని, అయిపోయినంక దాని మీద మాట్లాడుకునేటోళ్ళు. మన రాష్ట్రంలనే జహీరాబాద్ దగ్గర మాచ్నూరుల 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది, 90.4 ఎఫ్ఎం, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల దళిత మహిళలు నడిపే స్టేషన్. తిండి గురించి, పంట గురించి మాట్లాడటానికి చదువుకున్న అనౌన్సరే కావాలె అనుకునేటోళ్ళు ఒకసారి వాళ్ళను చూడాలె.

ఒకటి ముందే చెప్తున్న, ఆన్‌లైన్‌ల దొరికే చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కొని గాల్లోకి వదలొద్దు, లైసెన్స్ లేకుండ ప్రసారం చేసుడు నేరం. కమ్యూనిటీ రేడియో లైసెన్స్ రిజిస్టర్ అయిన సంస్థలకు, కాలేజీలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు ఇస్తరు, అది పెద్ద పని. మనకు ఒక ఫోన్, రెండు స్పీకర్లు చాలు.

ముందు ఏం తింటమో ఖాయం చేసుకోండి

ఇదే అసలు పని, ఇక్కడ తొందరపడొద్దు. రెండు చూసుకోవాలె. తినేటప్పుడు చప్పుడు కావొద్దు, వండినోళ్ళు మళ్ళా పొయ్యి కాడికి పోవొద్దు. సకినాలు, పేలాలు పెడితే నలభై మంది నోర్ల కరకరలో ముసలమ్మ మాట వినపడదు, అవి చివరికి ఉంచండి. సర్వపిండి వేడివేడిగ తింటేనే బాగుంటది, అంటే ఎవరో ఒకరు లోపల్నే ఉండిపోవాలె, కాబట్టి అదీ వద్దు. జొన్న రొట్టెలు మధ్యాహ్నం చేసి గుడ్డల చుట్టిపెడితే సాయంత్రానికి మెత్తగనే ఉంటయి, బొబ్బర్ల గుడాలు ముందే ఉడకపెట్టుకోవచ్చు, తైద (రాగి) అంబలి కుండల చల్లగ ఉంటది, సజ్జ రొట్టె నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు చేస్తే పిల్లలు కూడా సప్పుడు లేకుండ తింటరు. పిండి, బెల్లం, పప్పులు ఇంటింటికి ఇంత అని జమ చేయండి, వండినోళ్ళకు మాత్రం కూలి లెక్కగట్టి ఇవ్వండి, సేవ అని చెప్పి ఊకె చేయించుకునుడు నాకు అస్సలు నచ్చదు.

రికార్డింగ్

ప్రోగ్రాంకి వారం పది రోజుల ముందే ఒకరిద్దరి ఇండ్లల్లకు పోయి, వాళ్ళు రోజూ చేసుకునే వంట చేస్తుంటే రికార్డ్ చేయండి. ముందు అడగండి, ఎవరెవరు వింటరో చెప్పండి, వద్దంటే వద్దు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌ల పెట్టండి, ఫ్యాన్, టీవీ బంద్ చేయించండి, మాట్లాడే మనిషి నోటికి జానెడు దూరంల ఫోన్ పట్టుకోండి, కొంచెం పక్కకు, సూటిగ కాదు, లేకపోతే ఊపిరి తగిలి బుస్సుమంటది. బయట గాలి ఉంటే పలచని కాటన్ గుడ్డ ఒక మడత కప్పండి. ఎవరూ మాట్లాడని ఒక నిమిషం కూడా రికార్డ్ చేసుకోండి, ఎడిటింగ్‌ల అతుకులు దాచటానికి అది బాగ పనికొస్తది.

చప్పుళ్ళు విడిగ తీసుకోండి. మసిలే నీళ్ళల్ల పిండి పడ్డప్పుడు, రొట్టె కొట్టేటప్పుడు, పెనం మీద తడిగుడ్డ అద్దినప్పుడు చుయ్‌మనే శబ్దం, ఇసుర్రాయి ఇంకా ఉంటే దాని చప్పుడు, దాని మీద పాట. "మీ వంట గురించి చెప్పండి" అని అడిగితే ఎవరూ మాట్లాడరు, చేతులు పనిల ఉన్నప్పుడు "ఇది నీకెవరు నేర్పిండ్రు అత్తమ్మ", "కరువు కాలంల ఏం తిన్నరు", "కృష్ణ నీళ్ళు రాకముందు ఏ బాయి నీళ్ళతోటి వండేది" అని అడగండి. నల్గొండ ఫ్లోరైడ్ ఊర్లల్ల ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు పిల్లలు తప్పకుండ వినాలె. పాలమూరు దిక్కయితే పూణెకో బొంబాయికో పనికి పోయినోళ్ళను వాట్సాప్‌ల వాయిస్ పంపమనండి, అక్కడ రాత్రికి ఏం వండుకుంటున్నరో చెప్తే చాలు, వాళ్ళమ్మ ఊరి రచ్చకట్ట మీద కూర్చొని వింటది.

ఎడిటింగ్

కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఫోన్‌ల అయితే ఏ ఆడియో ఎడిటర్ అయినా నడుస్తది. రికార్డింగులు ఒకరికొకరు పంపుకునేటప్పుడు వాట్సాప్‌ల డాక్యుమెంట్‌గ పంపండి. అరగంట దాటనీయొద్దు. మొదటి రెండు నిమిషాలు మాట లేకుండ ఉట్టి చప్పుళ్ళే ఉంచండి, జనం సర్దుకుంటరు. సినిమా పాటలు కలపొద్దు, హక్కుల గొడవ ఒకటి, పైగ ఆ పాట రాంగనే అందరి మనసు దాని మీదికే పోతది.

వినే రోజు

ఫిబ్రవరి 13 ప్రపంచ రేడియో దినోత్సవం, ఎండలు ముదరకముందు, ఆ రోజు బాగుంటది. గుడి మైకు, పెండ్లి డీజే లేని రోజు చూసుకోండి. రాత్రి 10 తర్వాత లౌడ్ స్పీకర్ పెట్టరాదని రూల్ ఉంది, మనకు ఏడు గంటలకు మొదలుపెడితే ఎనిమిదికి అయిపోతది, పంచాయతీల, పోలీస్ స్టేషన్‌ల ఒక మాట చెప్పి పర్మిషన్ సంగతి ముందే అడగండి. ఒక్క పెద్ద బాక్స్ గట్టిగ పెట్టే కన్నా రెండు చిన్నవి కూర్చున్నోళ్ళ చెవుల ఎత్తుకు స్టూళ్ళ మీద పెట్టుడు మంచిది. బ్లూటూత్ కాకుండ వైరు వాడండి, వినిపించే ఫోన్ ఫ్లైట్ మోడ్‌ల ఉండాలె, కరెంట్ పోతే అని చార్జింగ్ నింపిన స్పీకర్ ఒకటి పక్కన ఉంచండి. ఒకరోజు ముందు అదే టైముకు అదే జాగల వినిచూడండి, పగలు వినపడ్డట్టు రాత్రి వినపడదు. చెవులు సరిగ వినపడని పెద్దమనుషులకు స్పీకర్ పక్కనే చాప వేయండి.

అంబలి, గుడాలు మొదలుపెట్టకముందే చేతులకు ఇచ్చేయండి. రొట్టె మాత్రం, ప్రోగ్రాంల రొట్టె కొట్టే చప్పుడు వచ్చినప్పుడు పంచాలె, చెవుల చప్పుడు, చేతుల రొట్టె ఒక్కసారే రావాలె. పంచేది మొగోళ్ళు, కాలేజీ పిల్లలు. వండినోళ్ళు లేవొద్దు.

అయిపోయినంక స్పీచులు వద్దు, సర్పంచ్‌తో సహా. సకినాలు అప్పుడు తీయండి, ఫోన్ రికార్డింగ్‌ల పెట్టి మధ్యల ఉంచండి, ఎవరికి గుర్తొచ్చింది వాళ్ళు చెప్తరు, వచ్చేసారి ప్రోగ్రాంకి సగం సరుకు అక్కడనే దొరుకుతది. మర్నాడు, మాట్లాడినోళ్ళకు ఎంపీ3 చేసి మెమొరీ కార్డుల ఎక్కించి ఇవ్వండి, కీప్యాడ్ ఫోన్‌ల కూడా వినొచ్చు. యూట్యూబ్‌ల పెట్టాలనుకుంటే మళ్ళొకసారి అడగండి, ఊరి కట్ట మీద వినిపించటానికి ఒప్పుకున్నంత మాత్రాన లోకమంతా వినటానికి ఒప్పుకున్నట్టు కాదు, ఎవరన్నా నా మాట తీసేయమంటే ఎందుకని అడగకుండ తీసేయండి.