విద్యార్థి భవన్‌కి మనవాళ్లని తీసుకుపోయేటప్పుడు

నాది హిందూపురం. బెంగళూరు చేరి ఇరవై రెండేళ్లయింది. బెజవాడ నుంచో గుంటూరు నుంచో ఎవరొచ్చినా, రెండోరోజు పొద్దున మొహం కడుక్కుంటూనే అడిగేది ఒకటే: "ఆ దోసెల హోటల్‌కి ఎప్పుడురా?" గాంధీ బజార్‌లో ఉన్న విద్యార్థి భవన్ సంగతి అది. 1943లో పెట్టారు. చుట్టుపక్కల చదువుకునే పిల్లలు వచ్చి తినేవాళ్లు కాబట్టి ఆ పేరు. దోసె సంగతి హోటల్ వాళ్లు చూసుకుంటారు. మీరు కాసుకోవాల్సింది మీ స్నేహితుల్ని. నేను ఆ పనిలో తిన్న ఎదురుదెబ్బలన్నీ ఇక్కడ రాస్తున్నా, మీకు పనికొస్తాయి.

ముందు ఆ రోజు ఏ వారమో చూసుకోండి. శుక్రవారం సెలవు. గుంటూరు నుంచి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చిన ముగ్గురిని ఒక శుక్రవారం పొద్దున ఏడింటికి మూసిన తలుపు ముందు నిలబెట్టిన ఘనత నాది. "ఒరేయ్, నువ్వుండేది ఈ ఊళ్లోనే కదరా?" అన్నాడు ఒకడు. ఆ మాట ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎదురవుతూనే ఉంది. ఆ రోజు నా పరువు కాపాడింది లాల్‌బాగ్ దగ్గరున్న మావళ్లి టిఫిన్ రూమ్, అదే ఎంటీఆర్. అది ఇంకా పాతది, 1924 నాటిది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యం దొరక్క రవ్వతో ఇడ్లీ వేయడం మొదలుపెట్టిన వంటిల్లు. దానికి సెలవు సోమవారం. ఈ రెండు వారాలూ గుర్తుంటే చాలు, ఏదో ఒకటి తెరిచే ఉంటుంది. ఇంకొకటి, విద్యార్థి భవన్ మధ్యాహ్నం కాసేపు మూసేస్తారు. అక్కడ దొరికేది టిఫినే. ఒంటిగంటకి ఆకలితో పోయి భోజనం లేదా అంటే లేదు.

ఎంతమంది పోవాలంటే నలుగురు. ఐదో మనిషి వస్తానంటే ఇంకో రోజు తీసుకుపోండి. ఒకసారి ఆదివారం పూట పిల్లాపాపలతో కలిపి పదకొండు మందిమి పోయాం. పదకొండు మందికి ఒకేచోట జాగా ఎవరిస్తారు? మా పెద్దమ్మని ఒక బల్ల దగ్గర, పెదనాన్నని ఇంకో బల్ల దగ్గర, పిల్లల్ని తెలియనివాళ్ల పక్కన కూర్చోబెట్టాల్సి వచ్చింది. మా బావమరిది బయటే ఉండిపోయి, ఎదురు చూడలేక నాలుగు అరటిపళ్లు కొనుక్కుని తినేశాడు. ఇందులో హోటల్ తప్పేమీ లేదు. ఆదివారం పదకొండు మందిని వేసుకుపోయిన నాదే తప్పు. మామూలు రోజు, పొద్దున ఏడున్నరలోపు, నలుగురు. వీలైతే మెట్రోలో రండి. గ్రీన్ లైన్‌లో నేషనల్ కాలేజ్ స్టేషన్‌లో దిగితే పావుగంట నడక. ఆకలి ఇంకొంచెం ముదురుతుంది, కారు ఎక్కడ పెట్టాలా అన్న గోలా ఉండదు.

రద్దీగా ఉంటే తలుపు దగ్గర పేరు రాసుకుని, వంతు వచ్చినప్పుడు పిలుస్తారు. ఇక్కడ మనవాళ్లు చేసే పని ఒకటుంది. అడిగిందే తడవు ఇంటిపేరుతో మొదలుపెట్టి, తాతగారి పేరు మీదుగా తమ పేరుకి వస్తారు. అంత పేరు ఆ సందడిలో ఎలా పిలుస్తారు, పిలిచినా మనకెలా వినబడుతుంది? రెండక్షరాల పేరు చెప్పండి. చెప్పాక అక్కడే ఉండండి. పూలకొట్టు చూసొస్తామని పోయినవాళ్ల వంతు పక్కవాళ్లకి పోతుంది. మావాడొకడు ఫోను మాట్లాడుకుంటూ డీవీజీ రోడ్డు చివరిదాకా పోయాడు. వాడి దోసె మేం ముగ్గురం పంచుకున్నాం.

లోపలికి పోయాక ఓ క్షణం గోడలు చూడండి. కన్నడ సాహితీవేత్తల, పెద్దల బొమ్మలు వరసగా ఉంటాయి. కథకుడు మాస్తి కాపురమున్న గవిపురం ఇక్కడికి దగ్గరే. ఇందాక చెప్పిన డీవీజీ రోడ్డు కన్నడ కవి డి.వి. గుండప్ప పేరు మీదున్నది. టిఫిన్ హోటల్ గోడ మీద రచయితల బొమ్మలున్న ఊరంటే నాకు కాస్త కుళ్లు. మన ఊళ్లలో ఆ గోడ మీద ఏముంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక ఆర్డరు. కన్నడం రాదని మొహమాటపడొద్దు. నాలుగు వేళ్లు చూపించి "మసాలె" అంటే చాలు. కానీ నలుగురూ ఒకేసారి చెప్పండి. ఇక్కడ దోసెలు వాయి లెక్కన పడతాయి. పెద్ద పెనం మీద ఒకేసారి బోలెడు పోసి, అవన్నీ కాలాక ఒకేసారి తీస్తారు. ఆ వాయి తీయగానే పంచె కట్టుకున్న మనిషి భుజం నుంచి వేళ్లదాకా ప్లేటు మీద ప్లేటు పేర్చుకుని, ఒక్కటీ జారకుండా బల్లల మధ్య నడిచొస్తాడు. అది చూడ్డానికే పోవచ్చు. ముగ్గురు చెప్పి, ఒకడు "ఆగండి, ఆలోచిస్తా" అన్నాడంటే వాడి దోసె తర్వాతి వాయిలోనే. వీళ్లు తిని చేతులు కడుక్కునేసరికి వాడికి ప్లేటు వస్తుంది. అందుకే ఏం తినాలో వరసలో నిలబడ్డప్పుడే తేల్చేసుకోండి.

దోసె ఎలా ఉంటుందో కూడా స్నేహితులకి ముందే చెప్పి ఉంచండి. మన పేపరు దోసెలా బల్ల దాటి వేలాడదు. చిన్నది, మందమైనది. పైన ఎర్రగా కాలి కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది, నెయ్యి వాసన కొడుతుంది. సాంబారు ఇవ్వరు. ఈ ముక్క మాత్రం రెండుసార్లు చెప్పండి, ఎందుకంటే మనవాళ్లకి సాంబారు లేదన్న సంగతి ఒక పట్టాన జీర్ణం కాదు. పల్చటి కొబ్బరి పచ్చడి ఉంటుంది, అడిగితే మళ్లీ పోస్తారు. అల్లం పచ్చడి, కారప్పొడి అడగొద్దు. మా బెజవాడ మిత్రుడైతే దోసె మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, "మా గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్‌లో ఇడ్లీ మీద వెన్న ముద్ద వేసి..." అని మొదలుపెట్టాడు. తిను ముందు, అన్నాను. రెండో దోసె వాడే చెప్పుకున్నాడు. పోల్చుకోవడానికి పోతే ఆ గాంధీకీ ఈ గాంధీకీ న్యాయం జరగదు.

దోసెతో పాటు ఇంకేమైనా కావాలంటే రవ్వ వడ ఒకటి తెప్పించి నలుగురూ తుంచుకోండి. "బాత్" అన్న మాట చూసి అన్నం అనుకోవద్దు. బిసిబేళె బాత్ అన్నమే గానీ, ఖారా బాత్ అంటే మసాలా వేసిన ఉప్మా, కేసరి బాత్ అంటే మన రవ్వకేసరి.

కాఫీ దోసె సగంలో ఉండగానే చెప్పేయండి. తిన్నాక చెబితే ఖాళీ ప్లేటు ముందు పెట్టుకుని కూర్చోవాలి. అప్పటికే మీ కుర్చీ మీద పదిమంది కళ్లుంటాయి. తీరిగ్గా కబుర్లు చెప్పుకునే చోటు కాదిది. బిల్లు నేనంటే నేనని చేతులు పట్టుకుని లాక్కునే సరసం కూడా ఇక్కడ వద్దు. ఎవరివ్వాలో మెట్రోలోనే తేల్చుకుని రండి.

కబుర్లకి పక్కనే బ్యూగుల్ రాక్ పార్కుంది. బండల మీద కూర్చుని ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. అటునుంచి దొడ్డ గణపతి, పెద్ద నంది గుడి నాలుగడుగులే. కార్తీకమాసం ఆఖరి సోమవారం చుట్టుపక్కల వస్తే ఈ వీధంతా కడలెకాయి పరిషె, అంటే వేరుశెనక్కాయల తిరునాళ్ల. మా సీమలో పరస అంటామే, ఆ మాటే. శెనక్కాయల జిల్లాలో పుట్టి, ఇక్కడికొచ్చి కుప్పలు చూసి నోరెళ్లబెట్టి, రెండు సేర్లు కొనుక్కుపోయినవాణ్ణి నేను. కానీ ఆ రోజుల్లో హోటల్ దగ్గర జనం ఎలా ఉంటారో ఊహించుకోండి. దోసె కావాలో శెనక్కాయలు కావాలో ఒకటే అనుకుని బయల్దేరండి.

చివరగా, ఇంట్లోవాళ్ల కోసమని మసాలా దోసె పొట్లం కట్టించుకోవద్దు. ఆవిరికి మెత్తబడి, ఇల్లు చేరేసరికి తడిసిన అట్టలా తయారవుతుంది. ఒకసారి తెచ్చాను. మా ఆవిడ విప్పి చూసి, "దీనికోసమా పొద్దున్నే లేచి పోయింది?" అంది. అప్పటినుంచి గాంధీ బజార్‌లో రెండు మూరల పూలు కొని తీసుకుపోతున్నా.